మొదటి నీళ్ళు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. తూర్పున మబ్బు చీలి ఎర్రటి వెలుగు దిగుతోంది. పడమట మాత్రం నిన్నటి నల్లమబ్బు లేవనని మొండికేసి కూర్చుంది. గాలి ఒక్కటే ఆగడం లేదు. మిద్దెల మీద ఆరవేసిన బట్టలన్నీ ఎక్కడికో బయల్దేరిన జనంలా రెపరెపలాడుతున్నాయి.

కుళాయి తాత వంటింటి కిటికీలోంచి అదంతా చూస్తూ చేతిలోని లీటరు బాటిలుకి మూత బిగించాడు. బిగించి, ఏదో మంచిపని చేసినవాడిలా వెనక్కి తిరిగాడు.

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. ముడి వేసుకోవడానికి తల వెనక్కి ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి. ఆమె ముందు బాటిలు వంక చూసింది. తర్వాత తడిసిన సింకు వంక చూసింది. ఆ తర్వాత, నిన్న సాయంత్రం తానే కుళాయి మెడకు దారంతో కట్టిన కాగితం వంక చూసింది. 'ఎవరూ తిప్పొద్దు. పొద్దున నీళ్ళు నేనే పడతాను' అని రాసిన అక్షరాలు నీళ్ళు చిమ్మి సగం చెరిగిపోయాయి.

"ఎంతసేపు వదిలారు మావయ్యా?"

ఆయనకు తెలియదు. నిజంగానే తెలియదు. కోడలికి ఇవాళ ఊపిరి సలపదు, లేచేసరికి బాటిలు నిండి ఉంటే సంతోషిస్తుందనుకున్నాడు, అంతే. కుళాయి తిప్పడం గుర్తుంది. మూత బిగించడం గుర్తుంది. నడుమ ఏం జరిగిందో ఆయన చేతికి తెలుసుగాని ఆయనకు తెలియదు.

జవాబు పక్కగదిలోంచి వచ్చింది. మనవరాలి పక్కన పడుకున్న ఆయన భార్య కళ్ళు తెరవకుండానే చెప్పింది. "రెండు నిముషాలు. నిద్దట్లో కూడా విన్నాను. నూట ఇరవై లెక్కపెట్టందే ఆయన ఏ కుళాయి కిందా బాటిలు పెట్టరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పెట్టలేదు, ఇవాళ పెడతారా?"

కోడలు చేతులు దించింది. సగం పడిన ముడి జారి వీపు మీద పడింది.

ఆ ఇంట్లో అందరి బతుకూ నీళ్ళతోనే. తాత నీటి సరఫరా సంస్థలో నమూనాలు పట్టే మనిషి. వీధి వీధీ తిరిగి, కుళాయి కుళాయికీ బాటిలు పట్టి, వచ్చిన అంకెను రిజిస్టరులో రాసి, మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. కుళాయి తాత అంటే చాలు. కోడలు అదే సంస్థ ల్యాబులో కెమిస్టు. కొడుకు దూరపు బస్సు నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఇవాళా లేడు.

ఇవాళ పదింటికి విచారణ.

తాగేనీటికి దేశమంతటికీ ఒకటే చట్టం రాబోతోంది. నీళ్ళలో ఏది ఎంతకు మించకూడదో అంకెలతో సహా అందులో ఉంటుంది. పాత గొట్టాల్లోంచి, వాటి అతుకుల్లోంచి దిగే సీసం లీటరుకు పది మైక్రోగ్రాములకు మించకూడదని ముసాయిదాలో రాశారు. ఆ పది మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా దాని కిందనున్న ఒక్క వాక్యం మీద. 'నమూనా పట్టుటకు ముందు కుళాయిని రెండు నిముషములు వదలవలెను' అని ఆ వాక్యం.

కోడలు ఆ వాక్యం చూసిన రోజు నుంచి సరిగ్గా అన్నం తినలేదు. రాత్రంతా గొట్టంలో కదలకుండా నిలిచిన నీళ్ళలోకే సీసం దిగుతుంది. రెండు నిముషాలు వదిలితే ఆ నీళ్ళు కాస్తా మోరీలోకి పోతాయి. తర్వాత వచ్చే నీళ్ళు అద్దంలా ఉంటాయి. పరీక్షకు వెళ్ళేది ఆ అద్దంలాంటి నీళ్ళు, జనం పొద్దున్నే లేచి తాగేది మొదటి నీళ్ళు. పది అని రాసి దాని కింద ఈ వాక్యం రాయడమంటే తలుపుకి తాళం వేసి గోడ పడగొట్టడమే అని ఆమె వాదన.

వాదన చాలదు, విచారణ జరిపే సంఘం వాళ్ళు మూడు పొద్దుల మొదటి నీళ్ళ లెక్క తెమ్మన్నారు. శనివారం ఈ వంటింటి కుళాయే నలభై ఒకటి చూపించింది. ఆదివారం ముప్ఫై ఎనిమిది. మూడోది ఇవాళ్టిది. అది ఇప్పుడు మోరీలో పోతోంది.

"కావాలనే చేశారా?" అంది కోడలు.

తాత చేతిలోని బాటిలు సింకు పక్కన పెట్టాడు.

"ముప్ఫై రిజిస్టర్లు మీవి. ప్రతి పేజీలోనూ రెండు, మూడు, నాలుగు. అవి చూసే ఆ వాక్యం రాశారు వాళ్ళు. నా బాటిళ్ళు నిలబడితే మీ రిజిస్టర్లు నిలబడవు. నాకు తెలియదనుకున్నారా?"

అనేసిందిగాని, అన్నాక చూపు పక్కకి తిప్పుకుంది. పెళ్ళయి ఏడేళ్ళు. ఈయన ముందు ఇంత మాట ఎప్పుడూ అనలేదు.

భార్య చీరకుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఎవరి పక్షం పట్టాలో తోచక ఇద్దరినీ కలిపి తిట్టింది. ఒకరికి నోట్లోంచి మాట ఊడిపడదు, ఇంకొకరికి నోట్లో మాట ఆగదు, నడుమ తన తలకాయ పగులుతోంది, ఈ కుళాయిని పీకి వీధిలో పారేస్తే పీడా పోతుందని అంది. ఎవరూ నవ్వలేదు.

తాత వెళ్ళి బల్ల దగ్గర కుర్చీలో కూలబడ్డాడు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. ఎప్పుడో భార్య దాని కింద పాత అట్టపుస్తకం ఒకటి దూర్చింది, అందువల్ల నిలబడుతోంది. తాత దాని మీద మోచెయ్యి ఆనించి తన కుడిచేతి వంకే చూసుకుంటూ ఉండిపోయాడు. గోడ గడియారం ఆరు కొట్టింది. కోడలు గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తోంది. కుళాయి చివర ఒక చుక్క వేలాడి, వేలాడి, పడింది.

"శుక్రవారం సాయంత్రం నుంచి ఎవరూ తిప్పని కుళాయి ఒకటుంది" అన్నాడు తాత.

కోడలు తల ఎత్తింది.

"ఎక్కడ?"

"మీ విచారణ జరిగే ఆఫీసులోనే. కింది వరండా చివర. శని, ఆదివారాలు సెలవు కదా, తాళం పడి ఉంటుంది. ఏడింటికి తలుపు తీస్తారు. ఏడుంపావుకి తుడిచే మనిషి బకెట్టుతో వస్తుంది. ఆ పావుగంటే మనది."

అంతే. మరుక్షణం ఆ ఇంట్లో దేనికీ తీరిక లేకుండా పోయింది. కోడలు నడుస్తూనే ముడి వేసుకుంది, ఒక చెప్పు దొరికితే రెండోది దొరకలేదు, మనవరాలు లేచి అందరూ తనను వదిలి ఊరెళ్తున్నారని ఏడుపు లంకించుకుంది. భార్య ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని రెండో చేత్తో మంచం కిందనుంచి చెప్పు తీసి వాకిట్లోకి విసిరింది.

స్కూటరు వెనక కూర్చోవడమంటే తాతకు భయం. ఉద్యోగమంతా సైకిలు మీదే వెళ్ళదీశాడు. ఒళ్ళో ఖాళీ బాటిళ్ళ పెట్టె, ఒక చేత్తో సీటు అంచు, ఇంకో చేత్తో కోడలి భుజం. ఆమె ఇంకా మాట్లాడటం లేదు. కుడికి తిరగాలంటే కుడి భుజం మీద తట్టేవాడు, ఎడమకైతే ఎడమ. రొట్టెల దుకాణం వెనక సందు, సందు దాటాక పంపుహౌసు గోడ, గోడవారగా స్కూటరు ఒక్కటీ పట్టే దారి. ఏ కుళాయికి ఏ దారి దగ్గరో ఆయన కాళ్ళకు తెలుసు. ఎదురుగాలికి ఆమె చున్నీ ఆయన ముఖాన కొడుతుంటే, ఎందుకో ఆయనకు ఇరవై ఏళ్ళు తగ్గినట్టనిపించింది.

ఏడుకు రెండు నిముషాలు ఉందనగా గేటు ముందు ఆగారు.

వాచ్‌మన్ అప్పుడే తలుపులు బార్లా తీసి, నోట్లో బ్రష్షు పెట్టుకుని, పెదాల నిండా నురగతో వరండా చివరికి నడుస్తున్నాడు. ఎక్కడికో వేరే చెప్పక్కర్లేదు.

తాత పరుగెత్తాడు. అరవై మూడేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని ముందురోజే నూనె రాయించుకున్న మనిషి, లేడిపిల్లలా వరండా పొడవునా పరుగెత్తి కుళాయికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

వాచ్‌మన్ ఏదో అన్నాడు. నురగ తప్ప మాట రాలేదు. పుక్కిలించాలని చేత్తో సైగ చేశాడు. తాత అడ్డంగా తల ఊపాడు. వాచ్‌మన్ కళ్ళు పెద్దవి చేసి, తాత భుజం మీదుగా కుళాయి వైపు చెయ్యి చాపాడు. తాత ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని, పెళ్ళివారిని పలకరించినట్టు రెండు చేతులతోనూ నొక్కి, పక్కకి పెట్టాడు. ఈలోగా ఆయాసపడుతూ కోడలు వచ్చి, తన సంచిలోని మంచినీళ్ళు వాచ్‌మన్ చేతిలో పెట్టింది.

అతను పుక్కిలించి ఉమ్మి, మాట తిరిగి వచ్చాక అడిగాడు. "ఏమిటి తాతా ఇది? పాతికేళ్ళుగా ఈ నీళ్ళే తాగుతున్నా. నాకేమైంది?"

"అదే చూద్దామని వచ్చాం" అన్నాడు తాత.

బాటిలు కోడలే పట్టింది. కుళాయి మూతికి ఆనించి, ఒక్క చుక్క బయట పడకుండా, ఒక్క తిప్పుతో తెరిచింది. తాత ఆమె పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కట్టుకోకపోతే అవి ఊరుకునేలా లేవు. పెదాలు అప్పటికే ఒకటి, రెండు, మూడు అని కదులుతున్నాయి. గట్టిగా మూశాడు.

కుళాయి పక్కన గోడకు గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు ఒకటి వేలాడుతోంది. తాత చూపు దాని మీద పడింది. పడి, అక్కడే ఆగిపోయింది. ఆయనకు ఇంకో గ్లాసు గుర్తొచ్చింది. దానికంటే చిన్నది, అంచున సొట్ట పడినది.

"మావయ్యా, టైము" అంది కోడలు.

"ఏడూ నాలుగు" అన్నాడు వాచీ చూసుకుని.

చీటీ మీద సాక్షి సంతకం వాచ్‌మన్‌ది. కాగితం గోడకు ఆనించి, బ్రష్షు చెవి మీద పెట్టుకుని, తన ఆస్తి రాసిస్తున్నంత శ్రద్ధగా పెట్టాడు.

ల్యాబులో మెషీను వేడెక్కడానికి అరగంట, నీళ్ళు చదవడానికి ఇంకో అరగంట. తాత బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల కోడలు అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆమె చేతిలో చీటీ ఉంది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"డెబ్భై మూడు."

తాత బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. ఆ అంకె ముందు కూర్చోవడం తప్పనిపించింది ఆయనకు.

విచారణ గదిలో పొడవాటి బల్ల. వెనకాల ఐదుగురు సభ్యులు. నడుమ అధ్యక్షురాలు. రిటైరైన జడ్జి, వెండితీగల్లాంటి జుట్టు, ఎదుటివాడు మాట్లాడుతుంటే పెన్ను కదపని మనిషి. ఒక్కొక్కరి ముందూ ఒక గాజు జగ్గు, ఒక గ్లాసు. పక్కన వేరే బల్ల దగ్గర నీటి సరఫరా సంస్థ తరఫు సలహాదారు. బట్టతల, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. ఆయన ఎదురుగా తాత రిజిస్టర్లు రెండు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. ముప్ఫై. మొదటి ఏడాదిది చెదలు పట్టి పోయిందని తాత పోయిన నెలలోనే సంతకం పెట్టి రాసిచ్చాడు.

కోడలు లేచి తన మూడు చీటీలు చదివింది. నలభై ఒకటి. ముప్ఫై ఎనిమిది. డెబ్భై మూడు. మూడోది ఏ ఇంటిదని ఒక సభ్యుడు అడిగాడు. ఇల్లు కాదండీ, ఈ వరండా చివరి కుళాయిది, ఇవాళ ఏడూ నాలుగుకి పట్టాం అందామె. జగ్గుల్లోకి నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చారని అధ్యక్షురాలు గుమాస్తా వంక చూసింది. గుమాస్తా వరండా వైపు చూశాడు. గ్లాసు పెదవి దాకా తీసుకెళ్ళిన ఒక సభ్యుడు, ఎవరూ గమనించలేదనుకుంటూ దాన్ని మెల్లగా కిందికి దించాడు. గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు గుసగుస పాకింది.

సలహాదారు మాత్రం తొణకలేదు. రిజిస్టర్ల దొంతర మీద చెయ్యి వేసి లేచాడు. ముప్ఫై ఏళ్ళ సగటు మూడు అన్నాడు. ఈ అమ్మాయి తెచ్చింది మూడు రోజుల లెక్క, ఈమధ్య ఎవరో గొట్టం కదిలించి ఉంటారు, తుప్పు లేచి ఉంటుంది అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

"అమ్మా, ఇక్కడ మామగారి రిజిస్టర్లు ముప్ఫై. కోడలి బాటిళ్ళు మూడు. ఇంటి తగాదా ఇంట్లో తేల్చుకుని రమ్మనండి. తర్వాత చట్టం రాద్దాం."

గదంతా నవ్వింది. కోడలి చెవులు ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయి కాగితాల్లో వెతుక్కుంటోంది, వెతుకుతున్నది దొరకడం లేదు.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. తాత లేచాడు.

మాట్లాడవచ్చా అని అడగాలని కూడా ఆయనకు తోచలేదు. నేరుగా బల్ల దగ్గరికి నడిచి, కోడలి పెట్టెలోంచి ఖాళీ బాటిలు తీసి, పైకెత్తి చూపించాడు.

"ఇందులో నీళ్ళు పట్టేముందు నేను నూట ఇరవై లెక్కపెడతానండి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా. ఇవాళ పొద్దున నా కోడలు వద్దని కాగితం రాసి కడితే, ఆ కాగితం పక్కకి జరిపి మరీ లెక్కపెట్టాను. నాకే తెలియలేదు. ఆ రిజిస్టర్లలో ఉన్నవన్నీ నిజమైన అంకెలే. కాకపోతే అవి ఎవరూ తాగని నీళ్ళవి."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

ఆయన అంతటితో కూర్చోవచ్చు. కూర్చోబోయాడు కూడా. మళ్ళీ నిలబడ్డాడు.

"నాకు మనవరాలుందండి, నాలుగేళ్ళది. మా ఇంట్లో అందరికంటే ముందు అదే లేస్తుంది. దాని చిన్న గ్లాసు పట్టుకొచ్చి నన్నే అడుగుతుంది. రెండేళ్ళుగా రోజూ నేనే పట్టిచ్చాను. బాటిలుకైతే రెండు నిముషాలు వదిలాను. పిల్ల గ్లాసుకి ఒక్క క్షణం వదల్లేదు. నీళ్ళు దండగెందుకని."

కోడలు కాగితాలు వెతకడం మానేసింది.

పిల్ల ఎలా ఉందని అధ్యక్షురాలు అడిగింది. బాగానే ఉందండీ అంది కోడలు. శనివారం అంకె చూడగానే ఆ నీళ్ళు మాన్పించాం, రక్తం పరీక్ష చేయిస్తే భయం లేదన్నారు అని చెప్పి, ఒక్క క్షణం ఆగింది. "నా ఇంట్లో ల్యాబు మనిషిని నేనున్నాను కాబట్టి తెలిసింది. మిగతా ఇళ్ళలో పిల్లల గ్లాసులు ఎవరు చూస్తారండీ? చట్టమే చూడాలి."

అధ్యక్షురాలి పెన్ను కదిలింది. కోడలు అది చూసింది, తాతా చూశాడు. గెలిచినట్టే ఉంది.

సలహాదారు గొంతు సవరించుకున్నాడు. పెద్దాయన నిజాయితీకి దణ్ణం పెట్టాలి అన్నాడు. కానీ దీనివల్ల రుజువైంది ఏమిటి అని అడిగాడు. ఆ రిజిస్టర్లు పనికిరావని మాత్రమే. మొదటి నీళ్ళలో అప్పటి నుంచీ సీసం ఉందనడానికి ఒక్క అంకె కూడా లేదు కదా. మూడు బాటిళ్ళు చూసి దేశమంతటికీ చట్టం మారుస్తారా అని కూర్చున్నాడు.

అధ్యక్షురాలు తాత వైపు తిరిగింది. ఆ ప్రశ్న ఎంత మెత్తగా అడిగిందంటే, అది వచ్చి తగిలేదాకా ఆయనకు దాని బరువు తెలియలేదు.

"ఎప్పుడైనా, ఒక్కసారైనా, నీళ్ళు వదలకుండా పట్టారా మీరు?"

తాత నోరు తెరిచాడు.

పట్టాడు. చేరిన మొదటి నెల. ఎవరూ ఏమీ నేర్పలేదు. తిప్పగానే పట్టేవాడు. ఇరవై ఆరు రోజులు. ముప్ఫై, నలభై, యాభై రెండు. నెలాఖరున అప్పటి పైఅధికారి పిలిచి, పుస్తకం ముఖాన విసిరినంత పని చేశాడు. బాటిలు పట్టడం కూడా రాదా నీకు, ముందు నీళ్ళు వదలాలి, ఇవన్నీ కొట్టెయ్ అన్నాడు. ఇరవై ఆరు అంకెలనూ తన చేత్తోనే ఎర్రసిరాతో కొట్టేసి, ఒక్కొక్కదాని పక్కనా 'తప్పు' అని రాసుకున్నాడు. మర్నాటి నుంచి నాలుగు, మూడు, నాలుగు. ఏడాది తిరగ్గానే ఉద్యోగం ఖాయం చేశారు. ఆ ఎర్రసిరా పుస్తకం ఎవరి కంటా పడకూడదని చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. చెదలు ముట్టలేదు దాన్ని. ఇన్నేళ్ళుగా అవి తన చేతకానితనమనే అనుకున్నాడు. ఆ పుస్తకం మొత్తం మీద నిజం పలికినవి ఆ ఇరవై ఆరే అని ఇప్పుడు, ఈ గదిలో, ఇంతమంది ముందు తెలిసింది.

చెబితే సంతకం పెట్టి అబద్ధం రాసిచ్చాడని తేలుతుంది. ఆఫీసు పుస్తకం ఎత్తుకొచ్చాడని తేలుతుంది. చేత్తో నిజాన్ని కొట్టేసి ఉద్యోగం ఖాయం చేయించుకున్నాడని తేలుతుంది.

"జ్ఞాపకం లేదండి" అన్నాడు.

అధ్యక్షురాలు ఆయన వంక ఒక క్షణం ఎక్కువే చూసింది. గడియారం చూసుకుని, భోజనానికి లేద్దాం అంది. రెండింటికి ఆ వాక్యం సంగతి తేల్చేస్తాం, రాతలో ఉన్న రుజువు ఏదైనా ఉంటే ఈలోగానే తెచ్చుకోండి, తర్వాత తీసుకోం అని గుమాస్తాతో చెప్పించింది.

తిరుగుదారిలో స్కూటరు మీద కోడలు తనంతట తానే మాట్లాడింది. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానంది. అంత గదిలో లేచి అంత మాట చెప్పడం తన కన్నతండ్రి అయినా చేసేవాడు కాదంది. రెండింటికి ఏమైనా సరే, తనకిది చాలంది. గాలికి ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. ప్రతి ముక్కా తాత నెత్తిన బరువుగా పడింది. ఆయన ఈసారి భుజం మీద చెయ్యి వేయలేదు. సీటు అంచే పట్టుకున్నాడు.

పడమటి మబ్బు నడినెత్తికి వచ్చింది. కురవలేదు.

ఇంటికి వచ్చేసరికి భార్య కంచాలు పెట్టి ఉంచింది. ఏమైందని అడగబోయి ఇద్దరి ముఖాలూ చూసి ఊరుకుంది. ఒంటిగంటా ఐదు. మనవరాలు సొట్ట గ్లాసు ముందు పెట్టుకుని తన కుర్చీ ఎక్కింది. నలుగురూ బల్లకి నాలుగు వైపులా కూర్చున్నారు. భార్య అన్నం వడ్డించింది, కూర వేసింది, తనూ వడ్డించుకుంది.

గరిట గిన్నెకు తగిలిన చప్పుడు, పిల్ల నమిలే చప్పుడు, గడియారం చప్పుడు.

తాత అన్నం కలిపాడు. ముద్ద చేశాడు. ముద్దను కంచం అంచున పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. కోడలు ఓరకంట చూస్తోంది. భార్య చూడనట్టు చూస్తోంది.

అప్పుడాయన ఎడమచెయ్యి కిందికి చాపి, వంగి, బల్ల పొట్టికాలి కిందనున్న అట్టపుస్తకాన్ని లాగాడు.

అది ఒక పట్టాన రాలేదు. ఇన్నేళ్ళుగా నేలకు అతుక్కుపోయింది. రెండోసారి లాగేసరికి ఊడి వచ్చింది, బల్ల ఆ మూలకు ఒరిగింది. గిన్నెలు జారాయి. పిల్ల గ్లాసులో నీళ్ళు అంచు దాకా వచ్చి ఆగాయి.

ముందు భార్య బల్ల అంచు పట్టుకుంది. తర్వాత కోడలు. పిల్ల కూడా, పెద్దవాళ్ళను చూసి, తన చిన్న చెయ్యి చాపి పట్టుకుంది.

తాత పుస్తకం మీది దుమ్ము పంచెతో తుడిచి, కోడలి కంచం పక్కన పెట్టాడు. ఒక చెయ్యి బల్లకి, రెండోది అన్నంలో, ఆమె ఆ ఎంగిలిచేతి మణికట్టుతోనే అట్ట తెరిచింది. మొదటి పేజీ నిండా ఎర్రసిరా. ఆ ఎర్రగీతల కింద ముప్ఫై, నలభై, యాభై రెండు. పక్కనే మామగారి కుర్రచేతి రాతలో తప్పు, తప్పు, తప్పు.

ఆమె చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక ఆయన వంక చూడలేదు. గడియారం వంక చూసింది. ఒంటిగంటా ఇరవై. రెండింటిలోగా పుస్తకం అక్కడికి చేర్చడానికి ఇంకా నలభై నిముషాలుంది.

తాత తన ఎడమచేత్తో బల్ల నాలుగో మూల పట్టుకున్నాడు. బల్ల నిలబడింది. నలుగురూ అలా ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో, ఒక్క మాట లేకుండా, కంచాల్లో ఉన్నదంతా తిన్నారు.